నడుస్తున్న లైనక్స్ నుంచి మెమరీ తీసేటప్పుడు రేస్ కండిషన్ రాకుండా: సమగ్ర మార్గదర్శి

"అన్నా, ఆఫ్‌లైన్ అనే చూపిస్తా ఉండాది, తీసేసేదా?" అని మా జూనియర్ ఒక శనివారం రాత్రి ఫోన్ చేశాడు. తీసేయమన్నాను. ఎర్రర్ వచ్చింది. మళ్లీ చూస్తే ఆ మెమరీ బ్లాక్ ఆన్‌లైన్‌లో కూర్చుని ఉంది. మధ్యలో పది నిమిషాలు మేమిద్దరం దాన్ని ముట్టుకోలేదు. ఎవరు ముట్టుకున్నారో తేలేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది. ఆ సంగతి 5వ భాగంలో ఉంది.

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చిన్న ఆఫీసుల్లో వీఎంలు (వర్చువల్ మెషీన్లు) చూసుకునేవాళ్లు, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) నేర్చుకుంటున్న ఇంజనీరింగ్ పిల్లలు ఈ పని వరుసగా ఎలా చేయాలో తరచూ అడుగుతున్నారు. 1 నుంచి 5 దాకా, ఆ తర్వాత 7 అడ్మిన్లకు. 6, 8 కెర్నల్ కోడ్ రాసేవాళ్లకు.

1. ముందు ఏం తీస్తున్నారో తేల్చుకోండి

మెమరీ తీయడంలో రెండు వేర్వేరు పనులున్నాయి.

మొదటిది ఆఫ్‌లైన్ చేయడం. ఒక బ్లాక్‌లో (ఒకేసారి ఆన్, ఆఫ్ చేయగల మెమరీ ముక్క) ఉన్న పేజీలన్నీ (బ్లాక్‌లోని చిన్న తునకలు) వేరేచోటికి తరలించి, ఇక అక్కడి నుంచి ఎవరికీ మెమరీ ఇవ్వకుండా కెర్నల్ ఆపేస్తుంది. రెండోది తొలగింపు. ఆ బ్లాక్ గురించి కెర్నల్ రాసుకున్న వివరాలన్నీ చెరిపేసి, పరికరాన్ని హోస్ట్‌కో (వీఎంను నడిపే అసలు మెషీన్) ఫర్మ్‌వేర్‌కో అప్పగిస్తుంది.

బ్లాక్ సైజు తెలియకుండా లెక్క కుదరదు. సిస్ ఫైల్‌సిస్టమ్‌లో డివైసెస్, దాని కింద సిస్టమ్, దాని కింద మెమరీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో బ్లాక్ సైజు ఫైల్ తెరిస్తే 8000000 లాంటి అంకె కనిపిస్తుంది. అది హెక్స్ (16 ఆధారంగా రాసే అంకె). ఎనభై లక్షల బైట్లు అనుకుని తప్పు లెక్క వేసినవాళ్లను చూశాను. అది 128 ఎంబీ, అంటే 4 కేబీ పేజీలు 32,768. పెద్ద సర్వర్లలో ఒక్కో బ్లాక్ 2 జీబీ దాకా ఉండొచ్చు.

బెలూన్ డ్రైవర్ పని ఇది కాదు. అది పేజీలను హోస్ట్‌కు వెనక్కిస్తుంది గానీ బ్లాక్‌ను తీయదు. మామూలు డెస్క్‌టాప్‌లో ర్యామ్ కర్రను నడుస్తుండగా పీకడం ఈ కోవలోకి రానే రాదు. దానికి ఫర్మ్‌వేర్, బోర్డు రెండూ సహకరించాలి. ఇక్కడ చెప్పేది ఎక్కువగా కేవీఎం (లైనక్స్‌లోనే ఉండే వర్చువలైజేషన్) వీఎంల కోసం.

2. రేస్ ఎక్కడ పుడుతుంది

రేస్ అంటే ఒకే వస్తువు మీద ఇద్దరు ఒకేసారి పనిచేస్తుంటే, ఎవరు ముందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడం. అది మీరు చూసిన క్షణానికీ, చేసిన క్షణానికీ మధ్య సందులో పుడుతుంది. "బ్లాక్ ఖాళీగా ఉంది" అని చూస్తారు. తీసేస్తారు. ఈ రెంటి మధ్య మరో సీపీయూ అందులో పేజీ తీసుకుంటే మీరు చూసింది పాత నిజం.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట ఎండగట్టడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ముందు నీళ్లొచ్చే తూము మూస్తారు. తర్వాత పట్టుబడి. వల వేసి లాగి, ఇంకేం మిగల్లేదని చూసుకున్నాకే అడుగు నీళ్లు వదులుతారు. తూము తెరిచి ఉంచి "గుంటలో ఏమీ లేదు" అని ఎన్నిసార్లు చూసినా లాభం లేదు. తూము మూయకముందు చూసింది చూపు కింద లెక్కకు రాదు.

మెమరీ విషయంలో సందులు మూడు చోట్ల ఉంటాయి:

- ఆఫ్‌లైన్ జరుగుతుండగా కొత్త పేజీలు ఆ బ్లాక్‌లోకి రావడం.
- ఆఫ్‌లైన్ అయ్యాక, తొలగింపుకు ముందు ఎవరో దాన్ని మళ్లీ ఆన్‌లైన్ చేయడం.
- తొలగింపు జరుగుతుండగా కెర్నల్‌లో ఇంకో కోడ్ ఆ బ్లాక్ వివరాలను చదువుతూ ఉండటం.

మొదటిదాన్ని చాలావరకు కెర్నల్ చూసుకుంటుంది. రెండోది మీ చేతిలో ఉంది. మూడోది కోడ్ రాసేవాళ్లది.

3. తయారీ

సగానికి పైగా తలనొప్పులు ఇక్కడే తప్పుతాయి. తొందరపడకండి.

*తీయబోయే మెమరీ మూవబుల్ జోన్‌లో (కదిలించగల పేజీలకు కేటాయించిన భాగం) ఉండాలి.* మామూలు జోన్‌లో కెర్నల్ తన సొంత స్లాబ్‌లు, పేజ్ టేబుళ్లు, స్టాక్‌లు పెట్టుకుంటుంది. అవి కదలవు. ఒక్క పేజీ అలాంటిది పడినా ఆ 128 ఎంబీ మొత్తం మొండికేస్తుంది. అందుకే మెమరీ కలిపేటప్పుడే ఆ బ్లాక్‌కున్న స్టేట్ ఫైల్‌లో ఉత్త ఆన్‌లైన్ అని కాకుండా "ఆన్‌లైన్ మూవబుల్" అనే విలువ రాయాలి. ఆటోమేటిగ్గా ఆన్‌లైన్ అయ్యే ఏర్పాటు ఉంటే పైన చెప్పిన మెమరీ ఫోల్డర్‌లోని ఆటో ఆన్‌లైన్ బ్లాక్స్ ఫైల్‌లో ఆ విలువ పెట్టండి. బూట్‌లోనే ఉన్న ర్యామ్‌కైతే మూవబుల్‌కోర్ అనే బూట్ పరామితి ఉంది.

అలాగని మొత్తం మూవబుల్ చేసేయకండి. కెర్నల్‌కు తన పనికి మామూలు జోన్ కావాలి. మామూలు జోన్‌కు మూడు, నాలుగు రెట్ల దాకా మూవబుల్ ఉన్నా చాలా పనులకు ఇబ్బంది ఉండదు. అది దాటితే మెమరీ ఖాళీగా కనిపిస్తూనే అవుట్ ఆఫ్ మెమరీ వస్తుంది.

*పేజీలు వెళ్లడానికి చోటుండాలి.* మెమ్‌ఎవైలబుల్ (వాడుకోవడానికి దొరికే మెమరీ) అంకె చూస్తాం సరే, అది కూడా చూసిన క్షణానిదే. మీరు 4 జీబీ తీస్తుండగా డేటాబేస్ 3 జీబీ అడిగితే? కాబట్టి అంకె చూసే ముందే పెద్ద సర్వీసులకు సీగ్రూప్‌లో (ప్రాసెస్‌ల వాడకానికి హద్దు పెట్టే ఏర్పాటు) మెమరీ హై పరిమితి పెట్టండి. అప్పుడు చూసిన అంకెకు కాస్త విలువ ఉంటుంది.

*పేజీలను గట్టిగా పట్టుకునేవాళ్లను ముందే గుర్తించండి.* డివైస్ పాస్‌త్రూకు వాడే వీఎఫ్‌ఐఓ, ఆర్‌డీఎంఏ, ఐఓ యూరింగ్ ఫిక్స్‌డ్ బఫర్లు పేజీలను ఎక్కువకాలం పిన్ చేస్తాయి, అంటే కదలకుండా పట్టుకుంటాయి. అలాంటి పిన్ వేసేముందు కెర్నల్ ఆ పేజీలను మూవబుల్ జోన్ నుంచి బయటికి తరలిస్తుంది. మామూలు జోన్‌లోనే ఉన్న బ్లాక్‌కు ఆ రక్షణ లేదు. 1 జీబీ హ్యూజ్‌పేజీలు వాడుతుంటే వాటికి మరోచోట వరుసగా అంత ఖాళీ దొరకడం కష్టం. అవసరం లేనివి ముందే విడుదల చేయండి.

*తీసేది ఒక్కరే కావాలి.* మీ స్క్రిప్ట్, పక్కవాడి స్క్రిప్ట్, మానిటరింగ్ టూల్, యూడెవ్ రూల్ (పరికరం చేరగానే ఏం చేయాలో చెప్పే నియమం), నలుగురూ అదే స్టేట్ ఫైల్‌లో రాయగలరు. కెర్నల్ లాక్ రెండు రాతలు ఒకేసారి జరగకుండా చూస్తుంది గానీ, ఒకరి తర్వాత ఒకరు రాసుకుంటే అడ్డుపడదు.

మొదలుపెట్టే ముందు:

☐ బ్లాక్ సైజు హెక్స్ నుంచి మార్చి రాసుకున్నాను
☐ ఎల్‌ఎస్‌మెమ్ కమాండ్‌లో జోన్ల కాలమ్ కలిపి చూసి, మూవబుల్ బ్లాకుల నంబర్లు రాసుకున్నాను
☐ మెమరీని ఆన్‌లైన్ చేసే యూడెవ్ రూల్స్ వెతికాను
☐ సర్వీసులకు పరిమితి పెట్టాకే ఖాళీ లెక్క చూశాను
☐ మెమరీ స్క్రిప్ట్‌లన్నీ ఎఫ్‌లాక్ కమాండ్‌తో ఒకే లాక్ ఫైల్ తీసుకుంటున్నాయి
☐ ప్యాకేజీ అప్‌డేట్ ఏదీ ఇప్పుడు నడవడం లేదు

చివరిది చూసి నవ్వొచ్చు. మా శనివారం గొడవ దానివల్లే.

4. ఆఫ్‌లైన్ చేసే వరుస

4.1. లాక్ ఫైల్ తీసుకోండి. దొరక్కపోతే ఆగిపోండి. బలవంతంగా దాటొద్దు.

4.2. బ్లాకుల్ని నంబర్లతో ఎంచుకోండి. సీహెచ్‌మెమ్ కమాండ్‌కు "1 జీబీ తీయి" అని సైజు ఇస్తే ఏ బ్లాకులు తీయాలో అదే ఎంచుకుంటుంది. చేత్తో చేసే పనికి సుఖమే. స్క్రిప్ట్‌లో మాత్రం ఏది తీసిందో మళ్లీ వెతకాలి, ఆ వెతుకులాటే ఇంకో సందు.

4.3. ఒక్కో బ్లాక్‌కు స్టేట్ ఫైల్‌లో ఆఫ్‌లైన్ అని రాయండి, గడువు పెట్టి. పేజీని ఎవరైనా కాసేపు పట్టుకుని ఉంటే కెర్నల్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది, తనంతట తాను విసిగిపోదు. ఆ ప్రోగ్రామ్‌ను ముగించే సిగ్నల్ వస్తే మాత్రం ఆగి, చేసిందంతా వెనక్కి తిప్పుతుంది. అందుకే టైమౌట్ కమాండ్ కింద నడపండి. 60 సెకన్లతో మొదలుపెట్టండి.

4.4. రిటర్న్ విలువ చూడండి. అది చూశాక స్టేట్ ఫైల్ చదవండి. స్టేట్ ఒక్కటే చదివి రిటర్న్ వదిలేస్తే "ఇప్పటికే ఎవరో ఆఫ్‌లైన్ చేశారు", "నేనే చేశాను" అనే రెంటికీ తేడా తెలియదు.

4.5. మెమ్‌టోటల్ (మొత్తం మెమరీ అంకె) తగ్గిందో లేదో సరిచూడండి. 128 ఎంబీ బ్లాక్‌కు 1,31,072 కేబీ తగ్గాలి.

4.6. ఒక బ్లాక్ మొండికేస్తే దాన్ని వదిలి తర్వాతి దానికి వెళ్లండి. కానీ మీరు ఇవ్వాల్సింది మొత్తం డిమ్ (మెమరీ కర్ర) అయితే, ఒక్క బ్లాక్ మిగిలినా ఆఫ్‌లైన్ చేసినవాటిని తిరిగి ఆన్‌లైన్ మూవబుల్ చేసేయండి. సగంలో వదిలిన బ్లాకుల్ని తెల్లారి ఇంకొకరు చూసి "ఇవేంటి పోయాయి" అని ఆన్‌లైన్ చేస్తారు, అది కూడా మూవబుల్ కాకుండా.

మీరు ఆ ఒక్క పదం రాశాక లోపల జరిగేది తెలిస్తే ఎర్రర్లు అర్థమవుతాయి. కెర్నల్ ముందు మెమరీ హాట్‌ప్లగ్ లాక్‌ను రాసేవాడి పద్ధతిలో తీసుకుంటుంది. తర్వాత సీపీయూల దగ్గర విడివిడిగా ఉండే చిన్న ఖాళీ పేజీల జాబితాలను ఆ జోన్‌కు ఆపేస్తుంది. ఇది కెర్నల్ 5.11 నుంచి వచ్చింది. అంతకుముందు ఆ జాబితాలను ఖాళీ చేసేవాళ్లు గానీ ఆపేవాళ్లు కాదు. ఖాళీ చేశాక కూడా ఒక సీపీయూ అప్పుడే వదిలిన పేజీ తిరిగి ఆ జాబితాలో చేరేది. తూము మూయకుండా తోడటం లాంటిదే.

ఆ తర్వాత బ్లాక్‌లోని పేజీబ్లాకులన్నింటికీ "ఐసొలేట్" గుర్తు వేస్తుంది. ఇక అక్కడ ఖాళీ అయిన పేజీ ఎవరికీ మళ్లీ దొరకదు. అప్పుడు నోటిఫయర్లకు (ఇలాంటి కబురు కావాలని నమోదు చేసుకున్న కెర్నల్ కోడ్) "ఆఫ్‌లైన్ చేయబోతున్నాను" అని చెప్తుంది. ఎవరూ కాదనకపోతే పేజీలను తరలిస్తుంది, హ్యూజ్‌పేజీలను విడగొడుతుంది. అన్నీ నిజంగా ఖాళీయేనా అని గుర్తు వేసి ఉండగానే మళ్లీ పరీక్షిస్తుంది. ఆ పరీక్ష నెగ్గాకే ఆఫ్‌లైన్. మూయడం, తోడటం, మూసి ఉండగానే చూడటం, తర్వాతే ఆఫ్‌లైన్ చేయడం. మీ స్క్రిప్ట్ వరుస కూడా ఇలాగే ఉందో లేదో పోల్చుకోండి.

5. ఆఫ్‌లైన్‌కూ తొలగింపుకూ మధ్య

మా శనివారం కథ ఇదీ. మా జూనియర్ బ్లాక్‌ను సరిగ్గానే ఆఫ్‌లైన్ చేశాడు. అదే వీఎంలో ఇంకొకరు పెట్టిన అప్‌డేట్ స్క్రిప్ట్ చివర్లో యూడెవ్ ట్రిగర్ సర్వీసును రీస్టార్ట్ చేసింది. ఆ సర్వీసు పరికరాలన్నింటికీ "కొత్తగా చేరింది" అనే ఈవెంట్‌ను మళ్లీ పంపుతుంది. మా యూడెవ్ రూల్ ఏమంటుంది? మెమరీ బ్లాక్ చేరి, ఆఫ్‌లైన్‌లో ఉంటే ఆన్‌లైన్ చేయి అంటుంది. చేసేసింది. తొలగింపు "బిజీ" అని తిప్పికొట్టింది.

తిప్పికొట్టడం మా అదృష్టం అనను, కెర్నల్ అక్కడ బ్లాకులన్నీ ఆఫ్‌లైన్‌లో ఉన్నాయా అని లాక్ పట్టుకుని ఇంకోసారి చూస్తుంది. డేటా పోలేదు. మా ఆదివారం మాత్రం పోయింది.

దీనికి సరైన మందు రూల్‌ను కాసేపు ఆపడం కాదు, అది అతుకు. రెండు పనులూ ఒకే లాక్ కింద జరిగే దారి ఎంచుకోవాలి.

- ఏసీపీఐ డిమ్ (ఫర్మ్‌వేర్ ద్వారా తగిలించే మెమరీ) అయితే: చేత్తో ఆఫ్‌లైన్ చేసి తర్వాత ఎజెక్ట్ అడగొద్దు. నేరుగా ఎజెక్ట్ అడగండి. కెర్నల్ డివైస్ హాట్‌ప్లగ్ లాక్ పట్టుకుని, ఆఫ్‌లైన్ చేసి, లాక్ వదలకుండానే తొలగిస్తుంది. చేతి ఆఫ్‌లైన్‌ను "అసలు కదులుతుందా" అని ముందుగా చూసే ట్రయల్‌గా వాడుకోండి, చూశాక తిరిగి ఆన్‌లైన్ మూవబుల్ చేసేయండి.
- వర్టియో మెమ్ (వీఎంల కోసమే చేసిన మెమరీ పరికరం) అయితే: హోస్ట్ నుంచి కావలసిన సైజు తగ్గించండి. బ్లాక్ తీసే సమయంలో ఆఫ్‌లైన్, తొలగింపు రెండూ గెస్ట్ (వీఎం లోపలి లైనక్స్) డ్రైవర్ ఒకే పట్టులో చేస్తుంది. కొత్తగా పెట్టే వీఎంలకు నేను ఇదే వాడమంటాను.
- రెండూ కుదరక విడిగానే చేయాల్సి వస్తే: యూడెవ్ రూల్ మార్చి రీలోడ్ చేయండి, ఎఫ్‌లాక్ పట్టుకుని ఉండండి, "బిజీ" వస్తే 4.3 నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలోంచి కొనసాగించొద్దు.

హోస్ట్ వైపు ఇంకో సందు ఉంది. విర్ష్‌లో (హోస్ట్ నుంచి వీఎంలను చూసుకునే కమాండ్) డిటాచ్ కొట్టగానే విజయవంతం అన్నట్టు సందేశం వస్తుంది. అది అభ్యర్థన పంపాం అని మాత్రమే. గెస్ట్ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. పరికరం తొలగింది అనే ఈవెంట్ వచ్చేదాకా ఆ మెమరీని ఇంకో వీఎంకు లెక్క కట్టకండి. తొలగింపు విఫలమైంది అనే ఈవెంట్ కూడా వేరేగా ఉంది, రెంటికీ కాచుకోండి. వర్టియో మెమ్‌లో అడిగిన సైజు, ప్రస్తుత సైజు సమానమయ్యేదాకా ఆగాలి.

6. కెర్నల్ కోడ్ రాసేవాళ్లకు

*లాక్‌ల వరుస తప్పొద్దు.* ముందు డివైస్ హాట్‌ప్లగ్ లాక్. దాని లోపల సీపీయూ హాట్‌ప్లగ్ రీడ్ లాక్, దాని లోపల మెమరీ హాట్‌ప్లగ్ లాక్. చివరి రెండూ హాట్‌ప్లగ్ బిగిన్ ఫంక్షన్‌లోనే వరుసగా వస్తాయి. మొదటిది ఎందుకంటే: యూజర్ ఆన్‌లైన్ చేసేటప్పుడు పరికరం లాక్ ముందు, మెమరీ లాక్ తర్వాత తీసుకుంటారు. మెమరీ కలిపే దారిలో ఇది తిరగబడుతుంది. ఇద్దరూ ఒకేసారి వస్తే ఒకరి కోసం ఒకరు ఆగిపోతారు. బయట పెద్ద లాక్ ఉంటే ఆ ముడి పడదు.

*పీఎఫ్‌ఎన్ (పేజీ నంబర్) వ్యాలిడ్ అనే పరీక్షను నమ్మి పేజీ ముట్టుకోకండి.* అది "ఈ నంబర్‌కు పేజీ వివరాలు ఉన్నాయి" అంటుంది, ఆన్‌లైన్‌లో ఉందని కాదు. పీఎఫ్‌ఎన్ టు ఆన్‌లైన్ పేజ్ వాడండి. అయితే అది కూడా ఆ క్షణం మాటే. మెమరీ హాట్‌ప్లగ్ లాక్‌ను రీడ్‌లో పట్టుకుని ఉండాలి, లేదా పేజీ మీద రిఫరెన్స్ ఉండాలి. ఈ రెండూ లేకుండా తెచ్చుకున్న పాయింటర్ తర్వాతి లైన్‌కే పాతబడవచ్చు.

ఇది పుస్తకాల్లో భయం కాదు. తొలగింపులో సెక్షన్ వాడక వివరాలను విడుదల చేస్తుండగా, మరో సీపీయూ మీద కంపాక్షన్ (పేజీలను జరిపి వరుస ఖాళీ తెచ్చే పని) పీఎఫ్‌ఎన్ వ్యాలిడ్ ద్వారా వాటినే చదివే రేస్ నిజంగానే ఉండేది. 2024లో చేరిన సవరణతో ఆ విడుదలను ఆర్‌సీయూ కిందికి తెచ్చారు. చదివేవాళ్లు బయటపడ్డాకే ఆ మెమరీ విడుదలవుతుంది. మీ సొంత డేటాకూ అదే పద్ధతి: ముందు కనబడకుండా చేయండి, చదివేవాళ్లు పూర్తయ్యేదాకా ఆగండి, తర్వాత వదలండి.

*నోటిఫయర్లలో మూడు జాగ్రత్తలు.*

మొదటిది, "ఆఫ్‌లైన్ చేయబోతున్నాను" అనే పిలుపులోనే మీ పని ఆపి, కుదరకపోతే కాదనండి. "ఆఫ్‌లైన్ అయింది" అనే పిలుపు వచ్చాక కాదనడానికి ఏమీ ఉండదు.

రెండోది, "రద్దయింది" అనే పిలుపు జాబితాలో అందరికీ వెళ్తుంది. మీకంటే ముందున్నవాడు కాదంటే, "చేయబోతున్నాను" మీకు రాకుండానే "రద్దయింది" వస్తుంది. అప్పుడు మీ కోడ్ చేయని పనిని వెనక్కి తిప్పి, లెక్క మైనస్‌లోకి పోతుంది. నేను ఇందులో పడ్డాను. బ్లాక్ వారీగా ఒక గుర్తు పెట్టుకోండి, గుర్తు ఉంటేనే వెనక్కి తిప్పండి.

మూడోది, నోటిఫయర్ లోపల మెమరీ హాట్‌ప్లగ్ రీడ్ లాక్ తీసుకోవద్దు. మిమ్మల్ని పిలిచినవాడే దాన్ని రాసే పద్ధతిలో పట్టుకుని ఉన్నాడు. తన తలుపుకు తానే తాళం వేసుకుని బయట కూర్చున్నట్టవుతుంది.

7. తరచూ కనిపించే తప్పులు, సరిదిద్దడం

*రిమూవబుల్ ఫైల్‌లో 1 ఉంది, అయినా తీయడం లేదు.* కొత్త కెర్నళ్లలో ఆ 1కి అర్థం "ఈ కెర్నల్‌కు ఆఫ్‌లైన్ చేయడం వచ్చు" అని మాత్రమే. ఆ బ్లాక్ వస్తుందని కాదు. ఆ ఫైల్ చూడటం మానేయండి, వ్యాలిడ్ జోన్స్ ఫైల్ చూడండి.

*ఎందుకు విఫలమైందో లాగ్‌లో లేదు.* ఆ సందేశం డీబగ్ స్థాయిలో ఉంటుంది. డైనమిక్ డీబగ్‌లో మెమరీ హాట్‌ప్లగ్ ఫైల్‌కు ఆన్ చేయండి. కదలని పేజీయా, నోటిఫయర్ కాదన్నదా, సిగ్నలా అన్నది డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) వస్తుంది.

*కదలని పేజీ అంటోంది, అదెవరిదో తెలియదు.* పేజ్ ఓనర్ ఆన్ చేసి బూట్ చేయండి. పేజీ ఎక్కడి నుంచి తీసుకున్నారో స్టాక్ ట్రేస్ దొరుకుతుంది. మెమరీ కొంచెం తింటుంది, తప్పదు.

*ఎప్పటికీ ముగియడం లేదు.* డైరెక్ట్ ఐఓ చేసే ప్రోగ్రామ్ పేజీలను విడవకుండా పట్టుకుంటుండవచ్చు. టైమౌట్‌తో ఆపి, ఆ సర్వీసును నిలిపి, మళ్లీ ప్రయత్నించండి. ఆపడానికి కిల్ మైనస్ 9 దాకా పోనక్కర్లేదు, ప్రోగ్రామ్ తాను పట్టి ఆపని మామూలు టెర్మ్ సిగ్నల్ చాలు.

*మెమరీ లేదనే ఎర్రర్.* పేజీలు వెళ్లడానికి చోటు లేదు. 3వ భాగానికి వెళ్లండి.

8. పరీక్ష

రేస్ మంచి రోజున కనిపించదు, కాబట్టి చెడ్డ రోజును మనమే తయారుచేయాలి. ఇదంతా పరీక్ష వీఎంలోనే.

☐ లాక్‌డెప్ ఆన్ చేసిన కెర్నల్ బిల్డ్ చేయండి. లాక్‌ల వరుస తప్పితే నిజంగా ఇరుక్కోకముందే చెప్తుంది.
☐ కెర్నల్ సోర్స్‌లోని సెల్ఫ్‌టెస్టుల్లో మెమరీ హాట్‌ప్లగ్ స్క్రిప్ట్‌ను లూప్‌లో తిప్పండి.
☐ పక్కనే స్ట్రెస్ ఎన్‌జీ టూల్‌తో మెమరీ తీసుకుంటూ, వదులుతూ ఉండండి.
☐ ఇంకో టెర్మినల్ నుంచి అవే బ్లాకుల్ని ఆన్‌లైన్ చేస్తూ ఉండండి, మా యూడెవ్ రూల్ చేసినట్టు.
☐ నోటిఫయర్ ఎర్రర్ ఇంజెక్షన్‌తో "చేయబోతున్నాను" పిలుపును కావాలని విఫలం చేయండి. "చేయబోతున్నాను" రాకుండానే వచ్చే రద్దు దారి ఇలా తప్ప సులువుగా పరీక్షకు రాదు.

రాత్రంతా నడిచి లాగ్ శుభ్రంగా ఉంటే, లాక్‌డెప్ తీసేసిన కెర్నల్‌తో ఇంకో రాత్రి నడపండి. డీబగ్ ఆప్షన్లు అన్నింటినీ నెమ్మదింపజేస్తాయి, సందుల వెడల్పు మారిపోతుంది. మా నోటిఫయర్ లెక్క మైనస్‌లోకి పోయింది ఆ రెండో రాత్రే.